27కి నాలుగు ఎలా వచ్చాయి?

ప్రశ్న: డిగ్రీ ఫైనల్ ఇయర్ ఫిజిక్స్ చదువుతున్నాను. క్వాంటం మెకానిక్స్‌లో ‘పెట్టెలో కణం’ లెక్కలు చేస్తుంటే డీజెనరసీ (ఒకే శక్తి ఉన్న స్థితుల సంఖ్య) దగ్గర ఎప్పుడూ తప్పు పోతోంది. ఘనాకార పెట్టెలో శక్తి 14 యూనిట్లు అంటే 6 అని రాశాను, సరిపోయింది. 27కి (3,3,3) ఒక్కటే కదా అని 1 అని రాస్తే జవాబు 4 అట. 26కి (4,3,1), (5,1,0) రెండూ వస్తాయని 12 అని రాస్తే జవాబు 6 అట. టేబుల్ బట్టీ పట్టాను గానీ, అందులో లేని సంఖ్య ఇస్తే చేతులెత్తేస్తున్నాను. పెట్టె ఘనం కాకపోతే ఏం చేయాలి? ఎలక్ట్రాన్ అన్నప్పుడు స్పిన్ కూడా కలపాలా? పరీక్షలు దగ్గర పడుతున్నాయి, టెన్షన్‌గా ఉంది.

సమాధానం: మీ ఒప్పు కంటే మీ రెండు తప్పులే నాకు ఎక్కువ పనికొచ్చాయి. 27 దగ్గర ఉన్న స్థితిని వదిలేశారు. 26 దగ్గర లేని స్థితిని కలిపేశారు. ఈ లెక్కల్లో తప్పు పోయేవాళ్లు దాదాపు అందరూ ఈ రెంటిలో ఏదో ఒకటి చేస్తారు. ముందుగా ఆ టేబుల్‌ని పక్కన పెట్టేయండి. బట్టీ పట్టాల్సినంత ఇందులో ఏమీ లేదు. ఇది లెక్కపెట్టే పని. దేన్ని లెక్కలోకి తీసుకోవాలో, దేన్ని తీసుకోకూడదో తెలిస్తే చాలు, మిగతాదంతా హైస్కూల్ అంకగణితమే.

సూత్రం మీకు తెలిసిందే. భుజం ఎల్ ఉన్న ఘనాకార పెట్టె, గోడలు దాటడానికి వీల్లేనివి, లోపల ద్రవ్యరాశి ఎం ఉన్న కణం. అప్పుడు

శక్తి = (హెచ్² ÷ 8ఎంఎల్²) × (ఎన్₁² + ఎన్₂² + ఎన్₃²)

హెచ్ అంటే ప్లాంక్ స్థిరాంకం. ఎన్₁, ఎన్₂, ఎన్₃ అంటే ఎక్స్, వై, జడ్ దిశల క్వాంటం సంఖ్యలు, మీరు (3,3,3) అని రాసేది వాటినే. ముందున్న బ్రాకెట్‌లోది పెట్టె మారనంతవరకు మారదు. దాన్నే మీరు ‘యూనిట్’ అంటున్నారు, నేనూ అలాగే అంటాను. అది మరీ గాలిలో మేడ అనుకోకండి. ఎలక్ట్రాన్‌ని 1 నానోమీటర్ భుజం ఉన్న పెట్టెలో పెడితే ఒక యూనిట్ సుమారు 0.376 ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే కింది స్థాయి (3 యూనిట్లు) 1.13 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, దాని పై స్థాయి (6 యూనిట్లు) 2.26 దగ్గర ఉంటాయి. ఈ రెంటి మధ్య దూకాలంటే సుమారు 1100 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి కావాలి. అది కంటికి కనపడని పరారుణ కాంతి.

ఇక మిగిలింది రెండో బ్రాకెట్. దాని విలువని ‘మొత్తం’ అందాం. డీజెనరసీ ఎంత అని అడిగితే అసలు అడుగుతున్నది ఇదీ: ఈ మొత్తాన్ని మూడు ధన పూర్ణాంకాల వర్గాలుగా ఎన్ని రకాలుగా విడగొట్టవచ్చు, వరసని కూడా పట్టించుకుంటూ? వరసని ఎందుకు పట్టించుకోవాలంటే (2,1,1) అన్నప్పుడు తరంగం ఎక్స్ దిశలో రెండు ముక్కలుగా ఉంటుంది, (1,2,1) అన్నప్పుడు వై దిశలో. శక్తి ఒకటే అయినా తరంగ ప్రమేయాలు (కణం ఎక్కడ దొరికే అవకాశం ఎంతో చెప్పే తరంగ రూపాలు) వేరు. ‘స్థాయి’ అంటే శక్తి విలువ, ‘స్థితి’ అంటే తరంగ ప్రమేయం. ఒక స్థాయిలో ఎన్ని స్థితులు ఉన్నాయన్నదే ప్రశ్న. చాలామంది జవాబు పత్రాల్లో ఈ రెండు మాటల్ని ఒకదాని బదులు ఇంకొకటి వాడేస్తారు, మార్కులు అక్కడే పోతాయి.

మీ 26 సంగతి ముందు చూద్దాం, అది తేలిక. 25 + 1 + 0 = 26 అన్నది అంకగణితంగా తప్పు కాదు. కానీ (5,1,0) అనే స్థితి ఆ పెట్టెలో లేదు. తరంగ ప్రమేయం మూడు సైన్‌ల లబ్ధం. ఒక క్వాంటం సంఖ్య సున్నా అయితే ఆ దిశలో సైన్ విలువ పెట్టె అంతటా సున్నా. లబ్ధం కూడా సున్నా. తరంగ ప్రమేయం అంతటా సున్నా అంటే పెట్టెలో కణమే లేదని అర్థం. లేని కణానికి డీజెనరసీ ఏమిటి? అందుకని (5,1,0)నీ, దాన్ని అటూ ఇటూ మార్చగా వచ్చే ఆరింటినీ కొట్టేయాలి. (4,3,1) ఇచ్చే ఆరే మిగులుతాయి.

రుణ సంఖ్యల మాట మీరు అడగలేదు గానీ, రేపో మాపో ఆ సందేహం రాకపోదు. −2 వర్గం కూడా 4 కదా, మరి (−2,1,1)ని వేరే స్థితిగా ఎందుకు లెక్కపెట్టం? సైన్ లోపల గుర్తు మారిస్తే బయట గుర్తు మారుతుంది, అంతే. తరంగ ప్రమేయం మొత్తాన్ని −1తో గుణించినట్టు అవుతుంది. దానివల్ల కణం ఎక్కడ దొరుకుతుందన్న సంభావ్యత ఏమాత్రం మారదు. అది పాత స్థితే.

ఇక్కడ ఒక హెచ్చరిక. కొన్ని లెక్కల్లో గోడలు ఉండవు. కణం పెట్టె ఒక అంచు దాటితే ఎదుటి అంచులోంచి లోపలికి వచ్చినట్టు అనుకోమంటారు. దీన్నే ఆవర్తన సరిహద్దు నియమం అంటారు. ఘనపదార్థాల ఫిజిక్స్‌లో ఇది మామూలే. అక్కడ సున్నా చెల్లుతుంది, ప్లస్ మైనస్‌లు వేర్వేరు స్థితులు, ఎందుకంటే ఒకటి కుడికి పోయే తరంగం, ఇంకొకటి ఎడమకి పోయేది. యూనిట్ కూడా మారి హెచ్² ÷ 2ఎంఎల్² అవుతుంది. ఆ పద్ధతిలో 26కి డీజెనరసీ 72: (5,1,0) రకానివి 24, (4,3,1) రకానివి 48. కాబట్టి ప్రశ్న చదవగానే మొట్టమొదట చూడాల్సింది గోడలు ఎలాంటివన్నది. మీ పాఠంలో గోడలు గట్టివి. 1, 2, 3... ఇవే చెల్లుతాయి.

ఇప్పుడు 27. మీరు (3,3,3) దొరకగానే ఆగిపోయారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి అన్నది తెలియకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది ఇది. దానికి నేను చెప్పే పద్ధతి ఇదీ.

మూడింటిలో పెద్ద సంఖ్యని ముందు పట్టుకోండి. దాని వర్గం మొత్తంలో మూడో వంతు కంటే తక్కువ ఉండకూడదు, ఎందుకంటే అదే పెద్దది కాబట్టి. మొత్తం కంటే కనీసం 2 తక్కువగానూ ఉండాలి, ఎందుకంటే మిగిలిన రెండూ తక్కువలో తక్కువ చెరొక 1 తీసుకుంటాయి. 27కి మూడో వంతు 9, పై హద్దు 25. అంటే పెద్ద సంఖ్య 3, 4, 5లలో ఒకటి. 5 అయితే మిగిలింది 2, అది 1 + 1. కాబట్టి (5,1,1) వచ్చింది. 4 అయితే మిగిలింది 11, అది రెండు వర్గాల మొత్తం కాదు. 3 అయితే మిగిలింది 18, అది 9 + 9. (3,3,3). అయిపోయింది, ఇంక వెతకాల్సింది లేదు. (5,1,1)ని మూడు రకాలుగా మార్చవచ్చు, (3,3,3) ఒక్కటే. మొత్తం 4.

చూశారా, ఈ పద్ధతిలో సున్నా ప్రమాదం కూడా తప్పిపోయింది. 26కి పై హద్దు 24. 5 వర్గం 25 కాబట్టి 5 లోపలికే రాదు. అలాగని ప్రతిసారీ హద్దే కాపాడుతుందని ధీమాగా ఉండకండి. 41 తీసుకోండి. పెద్ద సంఖ్య 4, 5, 6లలో ఒకటి. 5 వేస్తే మిగిలింది 16, ‘ఆహా, 16 + 0’ అని చెయ్యి ముందుకు పోతుంది. ఆపుకోవాలి. 6 వేస్తే 4 + 1, 4 వేస్తే 16 + 9. జవాబు (6,2,1) నుంచి 6, (4,4,3) నుంచి 3, మొత్తం 9.

ఒక్కో గుంపుకి ఎన్ని వస్తాయన్నది మీకు తెలుసు: మూడూ వేరైతే 6, రెండు ఒకటైతే 3, మూడూ ఒకటైతే 1.

వెతుకులాటని ఇంకా తగ్గించే కిటుకు ఒకటుంది. ఎందుకోగానీ క్లాసుల్లో దీన్ని పెద్దగా చెప్పరు. సరి సంఖ్య వర్గాన్ని 4తో భాగిస్తే శేషం 0, బేసి సంఖ్య వర్గాన్ని భాగిస్తే శేషం 1. కాబట్టి మొత్తాన్ని 4తో భాగించి శేషం చూడండి. ఆ శేషం ఎంతో, మూడు క్వాంటం సంఖ్యల్లో బేసివి అన్ని ఉంటాయి. 27కి శేషం 3, మూడూ బేసివే కావాలి. అంటే పైన 4ని అసలు పరీక్షించాల్సిన పనే లేదు. 26కి శేషం 2, రెండు బేసి, ఒకటి సరి. 41కి శేషం 1, ఒక్కటే బేసి.

శేషం 0 వస్తే మరీ హాయి. మూడూ సరి సంఖ్యలే అని తేలిపోయింది. మూడింటినీ 2తో భాగించేయవచ్చు, అంటే మొత్తాన్ని 4తో భాగించేయవచ్చు. అందువల్ల 56కి డీజెనరసీ 14కి ఎంతో అంతే: 6. 24కి 6కి ఎంతో అంతే: 3. 48ని 12గా, 12ని 3గా మారిస్తే (1,1,1) దగ్గర తేలుతుంది. కాబట్టి 48కి (4,4,4) ఒక్కటే. 28 ఇచ్చారనుకోండి, 4తో భాగిస్తే 7. 7ని మూడు వర్గాలుగా విడగొట్టలేం. అలాంటి శక్తి స్థాయే ఆ పెట్టెలో లేదు. డీజెనరసీ సున్నా అని రాయకండి, ‘ఈ శక్తి అనుమతించబడదు’ అని రాయండి.

అలా లేని సంఖ్యల జాబితా కూడా ఒకసారి కళ్లారా చూడాలి. ‘ఐదో శక్తి స్థాయి డీజెనరసీ ఎంత?’ అని అడిగే ప్రశ్నలకి అదే ఆధారం. వరసగా స్థాయిలు 3, 6, 9, 11, 12, 14, 17, 18, 19, 21, 22, 24, 26, 27... ఇలా పోతాయి. డీజెనరసీలు అదే వరసలో 1, 3, 3, 3, 1, 6, 3, 3, 3, 6, 3, 3, 6, 4. మధ్యలో 10, 13, 20, 25 లాంటివి లేవు. 10 అంటే 9 + 1 + 0, 13 అంటే 9 + 4 + 0, 20 అంటే 16 + 4 + 0, 25 అంటే 16 + 9 + 0. ఈ నాలుగూ సున్నా లేనిదే కుదరనివి. ఐదో స్థాయి 12, అక్కడ (2,2,2) ఒక్కటే ఉంది. పైకి పోయేకొద్దీ డీజెనరసీ పెరుగుతూనే ఉంటుందని అనుకునేవాళ్లకి ఈ 12 దగ్గర దెబ్బ తగులుతుంది. సగటున పెరుగుతుంది నిజమే, కానీ మెట్టు మెట్టుకీ పెరగదు. మొదటిసారి 12 స్థితులు ఒకే శక్తి దగ్గర కలిసేది 54 యూనిట్లలో: (7,2,1), (6,3,3), (5,5,2).

లెక్కపెట్టడం ఇంతే. కానీ 27 దగ్గర మీరు పడిన తికమకలో ఇంకో విషయం దాగి ఉంది, ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. (2,1,1), (1,2,1), (1,1,2) ఎందుకు సమానం? ఘనాన్ని పట్టుకుని పావు చుట్టు తిప్పితే ఒకటి ఇంకొకటి అవుతుంది. ఘనానికి ఎక్స్, వై, జడ్ దిశల మధ్య తేడా తెలియదు, శక్తికీ తెలియదు. ఇది సౌష్ఠవం వల్ల వచ్చిన డీజెనరసీ. మరి (5,1,1)కీ (3,3,3)కీ ఏం సంబంధం? ఘనాన్ని ఎటు తిప్పినా, అద్దంలో చూసినా ఒకటి రెండోది కాదు. 25 + 1 + 1, 9 + 9 + 9 ఒకటే అయ్యాయి, అంతే. ఇలాంటిదాన్ని యాదృచ్ఛిక డీజెనరసీ అంటారు. మీరు 27కి 1 అని రాయడానికి కారణం బహుశా ఇదే. మనసు సౌష్ఠవాన్ని వెతికింది, (3,3,3)ని ఎటు తిప్పినా మారదు కాబట్టి ఒక్కటే అంది. మనసు చెప్పింది సగం నిజం.

ఈ తేడా నిజంగా ఉందా, మాటల్లోనేనా? పెట్టెని కొంచెం సాగదీసి చూడండి. జడ్ భుజాన్ని మాత్రం పదో వంతు పెంచుదాం, 1.1 రెట్లు చేద్దాం. అప్పుడు మూడో వర్గాన్ని 1.21తో భాగించాలి. 6 యూనిట్ల స్థాయి ఏమవుతుందో చూడండి. (2,1,1), (1,2,1) రెండూ 5 + 0.826 = 5.826 దగ్గర కలిసే ఉంటాయి, ఎందుకంటే ఎక్స్, వైలు ఇంకా సమానమే. (1,1,2) మాత్రం 2 + 3.306 = 5.306కి జారిపోతుంది. 3 అన్నది 2, 1గా చీలింది. 14 యూనిట్ల స్థాయిలోని ఆరూ మూడు జంటలవుతాయి: మూడో సంఖ్య 1 అయిన జంట 13.826 దగ్గర, 2 అయినది 13.306 దగ్గర, 3 అయినది 12.438 దగ్గర. జడ్ దిశలో ఎక్కువ ముడతలు పడ్డ తరంగానికి ఆ దిశలో చోటు దొరికితే ఎక్కువ ఉపశమనం, అందుకే అది ఎక్కువ కిందికి దిగింది.

ఇప్పుడు 27ని సాగదీయండి. (3,3,3) 25.438కి వచ్చింది. (5,1,1), (1,5,1) జంటగా 26.826 దగ్గర ఉన్నాయి. (1,1,5) ఏకంగా 22.661కి పడిపోయింది. నాలుగు కాస్తా 1, 2, 1 అయ్యాయి. ఇందులో చెక్కుచెదరని జంట ఒక్కటే, మిగిలిన సౌష్ఠవం కాపాడినది. పరీక్షలో ‘ఘనం బదులు రెండు భుజాలు సమానం, మూడోది వేరు’ అని ఇస్తే మీరు చేయాల్సింది ఇదే: సమానమైన భుజాల సంఖ్యలు రెండిటినీ తారుమారు చేస్తే ఏం వస్తుందో చూడండి. అవి వేరైతే 2, ఒకటే అయితే 1. ఆ తర్వాత యాదృచ్ఛికంగా ఇంకేమైనా కలిశాయేమో అంకెలతో సరిచూడండి.

ఆ ‘సరిచూడండి’ అన్నది ఊరికే అనలేదు. భుజాలు వేరైతే డీజెనరసీ పోయినట్టే అని రాసేవాళ్లు బోలెడుమంది. రెండు కొలతల పెట్టె ఒకటి తీసుకుందాం, ఒక భుజం 2ఎల్, రెండోది ఎల్. శక్తిలో వచ్చేది ఎన్₁² ÷ 4 + ఎన్₂². నాలుగుతో గుణిస్తే ఎన్₁² + 4ఎన్₂². ఇందులో (4,1) వేస్తే 16 + 4 = 20, (2,2) వేస్తే 4 + 16 = 20. కలిశాయి! ఇలాగే (6,1), (2,3) రెండూ 40 ఇస్తాయి. భుజాల నిష్పత్తి పూర్ణాంకం కాబట్టి ఇలా జరిగిందని, నిష్పత్తి √2 లాంటి కరణీయ సంఖ్య (రెండు పూర్ణాంకాల భాగహారంగా రాయలేనిది) అయితే జరగదని కూడా అనుకోకండి. నిష్పత్తి √2 అయినప్పుడు, చిన్న భుజం సంఖ్యని ముందు రాస్తే, చూడాల్సింది 2ఎన్₁² + ఎన్₂². (1,5) వేస్తే 2 + 25 = 27, (3,3) వేస్తే 18 + 9 = 27. మళ్లీ కలిశాయి. నిష్పత్తి కాదు, నిష్పత్తి వర్గం చూడాలి. అది కరణీయమైతే రెండు కొలతల పెట్టెలో ఏ రెండు స్థితులూ కలవవు. నిరూపణ ఒక్క లైను: రెండు స్థితులు కలిస్తే ఆ వర్గం రెండు పూర్ణాంకాల భాగహారంగా రాయగలిగినది అయి తీరుతుంది.

ఎంఎస్సీకి వెళ్లే ఆలోచన ఉంటే ఇంకో మాట. ఘనం తిప్పుళ్లు, అద్దం ప్రతిబింబాలు అన్నీ కలిపి గ్రూపు సిద్ధాంతంతో (సౌష్ఠవాల గణితంతో) చూస్తే, ఆ సౌష్ఠవం ఒంటిచేత్తో బలవంతంగా కలిపి ఉంచగలిగేది మహా అయితే మూడు స్థితులనే. మరి 14 యూనిట్ల దగ్గర ఆరు ఎలా ఉన్నాయి? ఎక్స్, వై, జడ్ దిశల కదలికలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా విడివిడిగా ఉండటం అనే అదనపు సౌకర్యం ఈ పెట్టెకి ఉంది, దానివల్ల. సౌష్ఠవం, యాదృచ్ఛికం అన్న గీత నేను పైన గీసినంత శుభ్రంగా ఉండదన్నమాట. మీ పరీక్షకి ఇది అక్కర్లేదు.

మీరు అడగని ఇంకో సందేహం కూడా తీర్చేస్తాను, వైవాలో తప్పక అడుగుతారు. ఒకే శక్తి ఉన్న రెండు స్థితుల్ని కలిపితే వచ్చేది కూడా అదే శక్తి ఉన్న స్థితే. మరి అలా కలుపుకుంటూ పోతే లెక్కలేనన్ని స్థితులు వస్తాయి, డీజెనరసీ 2 అని ఎలా అంటాం? చదరపు పెట్టెలో (1,2), (2,1) తీసుకోండి. (1,2) తరంగం వై దిశలో మధ్యకి రాగానే సున్నా అవుతుంది, పెట్టె మధ్య అడ్డంగా ఒక గీత. (2,1)కి ఆ గీత నిలువుగా. ఇప్పుడు ఈ రెంటినీ కూడండి. సైన్ 2ఎక్స్‌ని 2 × సైన్ ఎక్స్ × కాస్ ఎక్స్ అని విప్పి రాస్తే, కొత్త తరంగం సున్నా అయ్యే గీత ఒక మూల నుంచి ఎదురు మూలకి ఏటవాలుగా వస్తుంది. ఒకదాంట్లోంచి ఇంకొకటి తీసేస్తే రెండో కర్ణం మీదికి వస్తుంది. చూడటానికి నాలుగూ నాలుగు రకాలు. కానీ కర్ణాల జంటని అడ్డం, నిలువు జంటతో తయారుచేయవచ్చు, దీన్ని దానితోనూ చేయవచ్చు. ఒకదానితో ఒకటి తయారుకాని స్థితులు ఎప్పుడు లెక్కపెట్టినా రెండే. డీజెనరసీ అంటే ఆ స్వతంత్ర స్థితుల సంఖ్య. ఈ బొమ్మలు నాలుగూ కాగితం మీద ఒకసారి గీసుకోండి, ప్లస్ మైనస్ గుర్తులతో సహా. అయిదు నిమిషాల పని, జన్మలో మర్చిపోరు.

స్పిన్ సంగతి సూటిగా చెబుతాను. అది ఎలక్ట్రాన్‌కి సహజంగా ఉండే గుణం, దానికి రెండే విలువలు. ప్రశ్నలో ‘కణం’ అని మాత్రం ఉంటే స్పిన్ కలపకండి. ‘ఎలక్ట్రాన్’ అని ఉండి, స్పిన్ లెక్కలోకి తీసుకోమన్నా, ఎలక్ట్రాన్లు నింపమన్నా రెట్టింపు చేయండి, 27 యూనిట్ల స్థాయిలో 4 బదులు 8. అనుమానంగా ఉంటే రెండూ రాయండి: ‘స్పిన్ లేకుండా 4, స్పిన్‌తో 8’. అలా రాసినందుకు ఎవరూ మార్కులు కోయరు. నింపే లెక్కకి ఒక ఉదాహరణ: పరస్పరం తోసుకోని 10 ఎలక్ట్రాన్లు ఘనాకార పెట్టెలో ఉన్నాయి, కనిష్ఠ శక్తి ఎంత? 3 యూనిట్ల స్థాయిలో 2, 6 యూనిట్ల స్థాయిలో 6, మిగిలిన 2 ఎలక్ట్రాన్లు 9 యూనిట్ల స్థాయిలో. 6 + 36 + 18 = 60 యూనిట్లు. ఆ చివరి స్థాయిలో ఆరుగురికి చోటుంటే ఇద్దరే ఉన్నారని గమనించండి. పాలీ నియమం (స్పిన్‌తో సహా ఒక్కో స్థితిలో ఒక్క ఎలక్ట్రానే ఉండాలి) ప్రకారం ఆ ఇద్దరు కూర్చోడానికి 15 రకాలు ఉన్నాయి. అంటే కణం ఒక్కటైతే కింది స్థాయికి డీజెనరసీ 1 అయినా, ఈ పది ఎలక్ట్రాన్ల గుంపు కనిష్ఠ శక్తికి డీజెనరసీ 15. ఇది కాస్త గడుసు ప్రశ్న, అడిగే అవకాశం తక్కువ, కానీ అడిగితే వదులుకోకండి.

ఇదంతా కాగితం మీది ముచ్చటేనా అంటే, కాదు. 1984లో అమెరికాలోని బర్క్‌లీలో ఫిజిక్స్ శాస్త్రవేత్త వాల్టర్ నైట్ బృందం సోడియం పరమాణువుల చిన్న చిన్న గుంపుల్ని తయారుచేసి, ఏ సైజువి ఎన్ని వస్తున్నాయో కొలిచింది. 8, 20, 40, 58, 92 పరమాణువులున్న గుంపులు మిగతావాటికంటే ప్రస్ఫుటంగా ఎక్కువ కనిపించాయి. ఒక్కో సోడియం పరమాణువు ఒక్కో ఎలక్ట్రాన్‌ని ఉమ్మడిలో వేస్తుంది, ఆ ఎలక్ట్రాన్లు గోళాకారపు పెట్టెలో ఉన్నట్టు స్థాయిల్ని నింపుతాయి. ఒక గుంపు స్థాయిలు పూర్తిగా నిండినప్పుడు ఆ సైజు స్థిరంగా ఉంటుంది. పెట్టె గోళం కాబట్టి డీజెనరసీలు 1, 3, 5, 7 ఇలా వస్తాయి, స్పిన్‌తో 2, 6, 10, 14. మొదటి రెండూ కలిపితే 8. మన ఘనంలోనూ మొదటి రెండు స్థాయిలు నిండితే 8 ఎలక్ట్రాన్లే. ఆ తర్వాత దారులు వేరవుతాయి.

మీ ప్రిపరేషన్‌కి ఈ వారం చేయాల్సింది చెబుతాను. టేబుల్ చూడకుండా 66 చేయండి. శేషం 2, రెండు బేసి, ఒకటి సరి. పెద్ద సంఖ్య 5కీ 8కీ మధ్య. మీకు (8,1,1), (7,4,1), (5,5,4) రావాలి, మొత్తం 12. ఆరు దగ్గర మిగిలే 30ని 25 + 5 అని చూసి తొందరపడకండి, 5 వర్గం కాదు. అది సరిగ్గా వచ్చాక, ఎవరి సాయం లేకుండా 81 చేయండి. 9 వర్గం 81 కదా అని ఆశపడతారేమో, పై హద్దు 79 అని గుర్తుంచుకోండి. చివరికి మూడు గుంపులు తేలితే మీ లెక్క సరైనదే.